నర్సింగ్‌లో పీహెచ్‌డీ చేశాక వార్డులోనే ఉండే దారి ఉందా?

ఓరుగల్లు_వార్డు | సోమవారం, రాత్రి 10.40

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ మెడికల్ సర్జికల్ నర్సింగ్ చేసి వరంగల్‌లో ఒక బోధనాసుపత్రిలో నర్సింగ్ ఆఫీసర్‌గా పని చేస్తున్నాను. పీహెచ్‌డీ ఎంట్రన్స్ రాయాలని చాలా రోజులుగా మనసులో ఉంది. ఎవరితో అన్నా వెంటనే అడిగేది ఒకటే, "అయ్యాక ఏ కాలేజీలో చేరతావు?" అని. నాకు కాలేజీలో చేరాలని లేదు. వార్డులోనే ఉండాలని ఉంది. నా ప్రశ్న పుట్టింది అక్కడే మరి.

పత్తి చేలల్లో మందు కొట్టే రోజులొస్తే మా వార్డుకు పురుగుమందు కేసులు వరుస కడతాయి. పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వస్తారు. ఆర్గానోఫాస్ఫేట్ (ఒక రకం పురుగుమందు) అయితే విరుగుడుగా అట్రోపిన్ డ్రిప్ పెడతారు. కంటిపాప, చెమట, ఛాతీలో శబ్దం, గుండె వేగం, బీపీ చూసి చార్టు నింపేది మేమే. మొదటి రోజు గండం గడుస్తుంది. మనిషి కళ్లు తెరిచి మాట్లాడతాడు, ఇంటివాళ్లు కాస్త కుదుటపడతారు. సరిగ్గా అప్పుడే, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, కొందరికి మెడ కండరాలు, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు సత్తువ కోల్పోతాయి. దీన్నే ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. 1987లో శ్రీలంక డాక్టర్లు దీనికి ఆ పేరు పెట్టి వర్ణించారు. దీని తొలి గుర్తు ఏమిటో మా సీనియర్ సిస్టర్లలో ఎవరిని అడిగినా చెబుతారు: పేషెంట్ దిండు మీది నుంచి తల ఎత్తలేడు.

రాత్రి డ్యూటీలో మంచం దగ్గరికి వెళ్లి "ఒకసారి తల ఎత్తు నాయనా" అని అడిగి చూడటానికి ఎంతోసేపు పట్టదు. అందరు సిస్టర్లూ ఒకే పద్ధతిలో, రెండు గంటలకోసారి, ఒక చార్టు ప్రకారం చేస్తే వెంటిలేటర్ అవసరమయ్యే వాళ్లను ముందే పట్టుకోగలమా? అట్రోపిన్ ఎక్కువై కలవరిస్తున్న మనిషి దగ్గర ఈ పరీక్ష పనికొస్తుందా? ఒకే పేషెంట్‌ను ఇద్దరు చూస్తే ఇద్దరూ ఒకటే రాస్తారా? నేను తేల్చుకోవాలనుకుంటున్నది ఇదే.

ఇలాంటి ప్రశ్నతో డాక్టరేట్ చేసి, పట్టా చేతికొచ్చాక కూడా పేషెంట్ పక్కనే ఉండే దారి మన దగ్గర ఉందా? లేకపోతే, అది రావాలంటే ఏం జరగాలి?

కరీంనగర్_లెక్చరర్ | సోమవారం, రాత్రి 11.25

మేడమ్, మీ ప్రశ్న చదివి సంతోషమేసింది. అయినా ఉన్న మాట చెప్తాను. నేను ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. మా దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లలో ఎక్కువమంది పదోన్నతి కోసమే చేస్తారు. ప్రిన్సిపాల్ పోస్టుకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అడిగేది ఎమ్మెస్సీ, దానితో పాటు ఏళ్ల అనుభవం. పీహెచ్‌డీ ఉంటే మంచిది అంటుంది. ఆ "ఉంటే మంచిది" కోసమే రేసంతా. వార్డులో ఉన్న నర్సుకు ఆ మాటైనా చెప్పే నిబంధన ఏ ఆసుపత్రి సర్వీసు రూల్స్‌లోనూ నా కంట పడలేదు.

ఇంకో సంగతి. శోధ్‌గంగ (మన దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు దొరికే వెబ్‌సైట్) తెరిచి నర్సింగ్ థీసిస్‌ల పేర్లు వరుసగా చదవండి. "ఫలానా విషయంపై ఫలానా వారి పరిజ్ఞానంపై ప్రణాళికాబద్ధ బోధన ప్రభావం, ఎంపిక చేసిన ఆసుపత్రులలో" అనే మూస ఎన్నిసార్లు వస్తుందో. ముందు ప్రశ్నపత్రం, తర్వాత పాఠం, వారం తర్వాత అదే ప్రశ్నపత్రం. మార్కులు పెరగక ఏమవుతాయి? అవి పెరిగాయని తేల్చడానికి డాక్టరేట్ అవసరమా అని నాకు లోపల బాధగానే ఉంటుంది. కానీ పగలంతా క్లాసులు, క్లినికల్ పోస్టింగులు, ఇన్‌స్పెక్షన్ ఫైళ్లు చూసుకుంటూ పార్ట్‌టైమ్‌లో చేసేవాళ్లకు తొందరగా ముగిసే టాపిక్ అదే. తప్పు వాళ్లదని నేను అనలేను.

ఏటూరునాగారం_సిస్టర్ | మంగళవారం, ఉదయం 6.15

నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను. ఏజెన్సీలో పీహెచ్‌సీ డ్యూటీ. ఈ పీహెచ్‌డీలతో మాకేం ఒరుగుతుందో కొంచెం చెప్పండి. అడవి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) పరీక్షలు చేస్తున్నాం, కార్డులు ఇస్తున్నాం. 2023లో కేంద్రం మిషన్ మొదలుపెట్టింది, 2047 కల్లా ఈ జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టింది. బాగుంది. కానీ కార్డు చేతిలో ఉన్న పదిహేనేళ్ల పిల్లకు ఒళ్లు నొప్పులు మొదలైతే ఇంట్లో ఏం చేస్తున్నారు, ఎన్నో రోజుకు మా దగ్గరికి తెస్తున్నారు, నొప్పులు తరచూ రాకుండా ఇచ్చే హైడ్రాక్సీయూరియా బిళ్ల ఎందుకు మధ్యలో ఆపేస్తున్నారు? ఈ సంగతులు అడగడానికి ఒక్క పరిశోధకురాలూ రాలేదు. వచ్చినవాళ్లు ఫారాలు ఇచ్చి, టిక్కులు పెట్టించుకుని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. ఫలితం ఏమొచ్చిందో మళ్లీ చెప్పినవాళ్లు లేరు.

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 9.50

బయోస్టాటిస్టిక్స్ చెప్తాను, నర్సింగ్ నా రంగం కాదు. ఓరుగల్లు_వార్డు గారూ, మీ ప్రశ్న అందంగా ఉంది కానీ దానిలో మూడు అధ్యయనాలున్నాయి. ఇద్దరు నర్సులు ఒకటే రాస్తారా అన్నది ముందు తేలాలి. అక్కడే పొత్తు కుదరకపోతే మిగతా లెక్క దండగ. దానికి కప్పా (యాదృచ్ఛికంగా కలిసింది తీసేసి, ఇద్దరికీ నిజంగా ఎంత కుదిరిందో చెప్పే అంకె) చూడాలి. ఊరికే "90 శాతం కలిసింది" అంటే చాలదు. ఎందుకంటే ఎక్కువమంది పేషెంట్లు తల ఎత్తగలిగే వాళ్లే అయితే కళ్లు మూసుకుని "ఎత్తాడు" అని రాసినా 90 వస్తుంది. రెండోది, తల ఎత్తలేకపోవడం ఊపిరి ఇబ్బందిని ఎన్ని గంటల ముందు చెబుతోంది అన్నది. మూడోది, చార్టు పెట్టాక ఫలితాలు మారాయా అన్నది. మూడోదానికి ఒక్క వార్డు సరిపోదు, కొన్ని ఆసుపత్రులు కలవాలి. పీహెచ్‌డీకి మొదటి రెండూ చాలు. మూడోది మీ తర్వాత వచ్చేవాళ్లకు వదిలేయండి.

విశ్రాంత_గైడ్ | మంగళవారం, మధ్యాహ్నం 2.05

అమ్మా, మీ ప్రశ్న ఇప్పటిది కాదు. మన దేశంలో నర్సింగ్ చదువు పైకి వెళ్లిన తీరే అలా ఉంది. బీఎస్సీ 1946లో ఢిల్లీలో, వెల్లూరులో మొదలైంది. ఎమ్మెస్సీ 1959లో, ఎంఫిల్ 1986లో, పీహెచ్‌డీ 1992లో ఢిల్లీ రాజకుమారి అమృత్‌కౌర్ కాలేజీలో వచ్చాయి. ఆ తర్వాత 2005-06 ప్రాంతంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నర్సింగ్ పీహెచ్‌డీ కోసం జాతీయ కన్సార్టియం (కూటమి) పెట్టాయి. గైడ్లు చాలక స్కాలర్లు ఆగిపోతున్నారని, ఒక చోట లేని గైడ్‌ను ఇంకో చోటి నుంచి ఇద్దామని ఆ ఆలోచన. చూడండి, ప్రతి మెట్టూ కాలేజీలకు ఉపాధ్యాయులు కావాలి అన్న అవసరంతోనే కట్టారు. అప్పటి అవసరం నిజమైనదే. పాఠం చెప్పేవాళ్లు లేకుండా నర్సులు ఎక్కడి నుంచి వస్తారు? కానీ ఆ కట్టడం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మీకు పనికొచ్చేది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు ఒకసారి పూర్తిగా చదవండి. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, రీరిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. ఆడవాళ్లకు అదనంగా రెండేళ్లు, పైగా 240 రోజుల దాకా ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు. పార్ట్‌టైమ్ కుదురుతుంది, కానీ పని చేసే చోటు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, అందులో చదువుకు సమయం ఇస్తామని రాసి ఉండాలి. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మించి ఉండకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్‌ను తీసుకోకూడదు. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఇది మొహమాటపడకుండా అడగాలి.

కరీంనగర్_లెక్చరర్ | మంగళవారం, మధ్యాహ్నం 2.40

సార్, ఎన్‌వోసీ దగ్గరే మా కథ ఆగేది. నాకు తెలిసిన ఒకామెకు ఎంట్రన్స్ వచ్చింది, గైడ్ ఒప్పుకున్నారు, పని చేసే చోట మాత్రం "చదువు మీ సొంత విషయం" అని సంతకం పెట్టలేదు. సీటు వదులుకుంది. డాక్టర్లకు పీజీ ఇన్‌సర్వీస్ కోటా (ఉద్యోగంలో ఉన్నవాళ్లకు సీట్లు) ఉంది కదా, నర్సుకు పీహెచ్‌డీ సెలవు అడిగితే వింతగా చూడటం ఎందుకు?

టెక్సాస్_జగిత్యాల | మంగళవారం, రాత్రి 9.10

మాది జగిత్యాల. ఇప్పుడు టెక్సాస్‌లో నర్స్ ప్రాక్టీషనర్‌ని (పేషెంట్లను చూసి మందులు కూడా రాసే నర్సు), డీఎన్‌పీ (డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్) చేశాను. ఇక్కడ నర్సింగ్‌లో డాక్టరేట్ రెండు దారులు. పీహెచ్‌డీ కొత్త జ్ఞానం కోసం. డీఎన్‌పీ ఉన్న జ్ఞానాన్ని వార్డులోకి, క్లినిక్‌లోకి తెచ్చి అక్కడి పద్ధతి మార్చడం కోసం. 2004లో అమెరికన్ నర్సింగ్ కాలేజీల సంఘం ఒక తీర్మానం చేసింది. అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్‌లోకి (నర్స్ ప్రాక్టీషనర్ లాంటి పై స్థాయి పనిలోకి) వచ్చేవాళ్లకు 2015 కల్లా డీఎన్‌పీ ఉండాలని. ఆ గడువులోగా అది జరగలేదు, మాస్టర్స్‌తో వచ్చేవాళ్లు ఇంకా వస్తున్నారు. మత్తు ఇచ్చే నర్సులకు మాత్రం 2022 నుంచి చేరే ప్రతి ఒక్కరికీ డాక్టరేట్ స్థాయి చదువే.

అక్కా, మీ చార్టు ఆలోచన ఇక్కడైతే డీఎన్‌పీ ప్రాజెక్టుకు సరిగ్గా సరిపోయేది. మన రాష్ట్రంలో కూడా అలాంటి పట్టా తేవాలని నా అభిప్రాయం.

విశ్రాంత_గైడ్ | మంగళవారం, రాత్రి 10.00

తమ్ముడూ, ఇక్కడే నీతో నేను ఏకీభవించను. డీఎన్‌పీ తెచ్చుకున్నంత మాత్రాన దానికి ఉద్యోగం పుట్టదు. మీ దగ్గర నర్స్ ప్రాక్టీషనర్‌కు మందులు రాసే అధికారం, జీతం, లైసెన్సు ఉన్నాయి. ఆ పునాది మీద పట్టా నిలబడింది. మన దగ్గర 2016-17 ప్రాంతంలో క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ల రెసిడెన్సీ ఎమ్మెస్సీకి కౌన్సిల్ సిలబస్ ఇచ్చింది. మంచి కోర్సు. బయటికొచ్చిన పిల్లలకు ఆ పేరుతో పోస్టు చూపించగలిగిన ఆసుపత్రులు ఎన్ని? ముందు పోస్టు, తర్వాత పట్టా. వెనకా ముందూ చేస్తే పిల్లలే నష్టపోతారు.

గోదావరి_మంత్రసాని | బుధవారం, ఉదయం 7.30

విశ్రాంత గైడ్ సార్ మాటకు ఒక ఉదాహరణ మా దగ్గరే ఉంది, కొంచెం ఊరట ఇచ్చేది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌తో కలిసి 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ కరీంనగర్‌లో మొదలుపెట్టింది. సర్వీసులో ఉన్న నర్సులనే తీసుకున్నారు. శిక్షణ అయ్యాక కాలేజీకి పంపకుండా ప్రసూతి వార్డులకే పంపారు. 2018లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. నేను ఆ దారిలో వచ్చినదాన్నే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కలో మన రాష్ట్రంలో సిజేరియన్లు 60.7 శాతం. దేశ సగటు 21.5. ఈ అంకె మీద ఎందరో మాట్లాడారు. కానీ లేబర్ రూమ్‌లో ఏం జరుగుతుందో మాకు తెలుసు. పొద్దున వచ్చిన తొలిచూలు అమ్మాయి సాయంత్రానికి "నా వల్ల కాదు, ఆపరేషన్ చేసేయమనండి" అంటుంది. బయట అత్త, అమ్మ ఇద్దరూ అదే అంటారు. ఆ మూడు నాలుగు గంటలు ఎవరు పక్కన కూర్చున్నారు, నడిపించారా, నడుము రుద్దారా, కూర్చుని కాన్పు కావచ్చని చెప్పారా అన్న దాన్ని బట్టి కథ మారుతుంది. ఇది పరిశోధించాలంటే ఆ గదిలో ఉండే మనిషే చేయాలి. బయటి నుంచి రిజిస్టరు చూసి రాసేది కాదు. నాకు ఎమ్మెస్సీ లేదు కాబట్టి పీహెచ్‌డీ గడప దాకా నేను రాలేను. అందుకే ఇక్కడున్న చదువుకున్న చెల్లెళ్లకు చెబుతున్నాను, మా దగ్గరికి రండి, కలిసి చేద్దాం.

ఏటూరునాగారం_సిస్టర్ | బుధవారం, ఉదయం 8.00

ఈ "కలిసి చేద్దాం" అన్న మాట బాగుంది. డేటా ఇచ్చేవాళ్లం మేము, పేరు ఇంకెవరిదో కాకుండా ఉంటే ఎవరొచ్చినా సాయం చేస్తాం.

పరకాల_రైతుబిడ్డ | బుధవారం, మధ్యాహ్నం 1.15

నేను నర్సును కాను. మా చిన్నాయన రెండేళ్ల కింద ఇలాగే ఆసుపత్రిలో ఉన్నాడు. మూడో రాత్రి ఒక సిస్టరమ్మ వచ్చి తల ఎత్తమంది, ఎత్తలేదు. డాక్టరును పిలిచింది, గొట్టం వేశారు. ఇప్పుడు బాగున్నాడు, చేనుకు పోతున్నాడు. ఆమె ఎందుకు అడిగిందో ఇన్నాళ్లకు ఈ చర్చ చదివితే అర్థమైంది. అన్ని రాత్రుల్లో, అన్ని వార్డుల్లో అలా అడిగేలా చేసే చదువు ఏదైనా ఉంటే అది రావాలి.

బీఎస్సీ_ఫైనల్ | బుధవారం, రాత్రి 8.20

మేడమ్, సార్, నాదొక చిన్న డౌట్. మా ఫ్రెండ్స్ అందరూ జర్మన్ నేర్చుకుంటున్నారు, ఫైనల్ అవ్వగానే వెళ్లిపోతామంటున్నారు. నాకు రిసెర్చ్ సబ్జెక్ట్ నచ్చింది. కానీ నర్సు పరిశోధన చేస్తే నిజంగా ఏదైనా మారిందా? ఒక్క ఉదాహరణ చెప్పండి, ఇంట్లో చెప్పుకోవడానికి.

టెక్సాస్_జగిత్యాల | బుధవారం, రాత్రి 9.45

చెల్లీ, లిండా ఐకెన్ అని వెతుకు. నర్సు, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. 2002లో ఆమె బృందం 168 ఆసుపత్రుల సర్జరీ పేషెంట్ల రికార్డులు చూసింది. ఒక్కో నర్సుకు ఒక్క పేషెంట్ అదనంగా పెరిగిన కొద్దీ 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని తేల్చింది. "మాకు పని ఎక్కువైంది" అని నర్సులు ఎప్పటి నుంచో అంటున్నారు, ఎవరూ వినలేదు. "పేషెంట్లు చనిపోతున్నారు" అని లెక్కతో చూపించాక వినక తప్పలేదు. ఒక నర్సుకు ఇంతమందే పేషెంట్లు అని కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004లో అమల్లో పెట్టింది. ఆ నిష్పత్తి వల్ల మేలు జరిగిందా అని తర్వాత లెక్క తేల్చినవాళ్లలో కూడా ఐకెన్ ఉంది.

ఓరుగల్లు_వార్డు | గురువారం, ఉదయం 5.50

నైట్ డ్యూటీలో మధ్యమధ్య ఇవన్నీ చదివాను. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు.

టెక్సాస్ తమ్ముడు చెప్పిన ఉదాహరణే నా వాదనకు బలం. మన వార్డుల్లో ఒక్కో సిస్టర్ చేతిలో ఎంతమంది ఉంటారో ఇక్కడ అందరికీ తెలుసు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురికి ఒకరు అని కాగితం మీద ఉంది. రాత్రి రెండింటికి వార్డులో నిలబడితే ఆ అంకె ఎక్కడా కనపడదు. ఆ తేడా వల్ల మా పేషెంట్లకు ఏం జరుగుతోందో వరంగల్ లెక్క ఉందా? పెన్సిల్వేనియా లెక్క తెచ్చి మా సూపరింటెండెంట్ ముందు పెడితే "అది అమెరికా" అంటారు. మన లెక్క మనమే తీయాలి. తీసేవాళ్లు వార్డులో లేకపోతే ఎవరు తీస్తారు?

నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి బోధనాసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్ కింద పీహెచ్‌డీ చేసిన నర్సుకు ఒక క్లినికల్ పోస్టు. వారంలో కొన్ని రోజులు పేషెంట్ల దగ్గర, కొన్ని రోజులు వార్డు సమస్యల మీద పరిశోధన, పక్కనే ఉన్న కాలేజీలో కొన్ని క్లాసులు. వెల్లూరు సీఎంసీలో పాఠం చెప్పేవాళ్లే వార్డు బాధ్యత కూడా చూస్తారు, దశాబ్దాలుగా నడుస్తోంది. కాబట్టి ఇది గాలిలో మేడ కాదు. మన దగ్గర ఆసుపత్రి నర్సులు ఒక గట్టున, కాలేజీ టీచర్లు ఇంకో గట్టున ఉండిపోయారు. డాక్టరేట్ చేసినవాళ్లందరినీ ఒకే గట్టుకు తోలేస్తే అవతలి గట్టున ప్రశ్నలు అడిగేవాళ్లే ఉండరు.

కరీంనగర్_లెక్చరర్ | గురువారం, ఉదయం 10.30

పోస్టు కావాలన్న దానితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఒక్కటి కలపండి. కాలేజీలో ఉన్న మాకు కూడా వార్డులోకి వచ్చే హక్కు ఉండాలి. ఇప్పుడు విద్యార్థులను తీసుకుని వస్తే "మీ పిల్లలు మా ట్రాలీ ముట్టుకోవద్దు" అనే వార్డులున్నాయి.

2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది కదా, 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో. అందులో చదువుకు ఒక బోర్డు, కాలేజీల మదింపుకు ఒకటి, నైతికత, రిజిస్ట్రేషన్‌కు ఒకటి ఉంటాయి. రాష్ట్రానికీ కమిషన్ ఉండాలి. కొత్త నిబంధనలు రాసే ఈ సమయంలోనే ఈ క్లినికల్ పోస్టు మాట అందులో పడాలి. అంతా రాసేశాక వినతిపత్రం ఇస్తే ఫైల్లో ఉండిపోతుంది. ఓరుగల్లు_వార్డు గారు ముసాయిదా రాస్తే మా కాలేజీ వాళ్ల సంతకాలు నేను తెస్తాను.

గోదావరి_మంత్రసాని | గురువారం, ఉదయం 11.10

మిడ్‌వైఫ్‌లవి నేను తెస్తాను. ఎమ్మెస్సీ లేని అనుభవజ్ఞులకు పరిశోధనలో సహ పరిశోధకులుగా చోటు ఇవ్వాలని ఒక వాక్యం రాయండి.

లెక్కల_మాస్టారు | గురువారం, మధ్యాహ్నం 12.00

విశ్వవిద్యాలయం ఎలాగూ వరంగల్‌లోనే ఉంది, కాళోజీ పేరు మీద. దూరం సాకు కాదు. నర్సింగ్ స్కాలర్లకు నెలకోసారి ఉచితంగా స్టాటిస్టిక్స్ క్లాసు చెప్పడానికి నేను సిద్ధం. టాపిక్ ఖాయం చేయకముందే రావాలి, డేటా అంతా తీశాక "సార్, ఏ టెస్ట్ పెట్టాలి" అని రాకూడదు.

విశ్రాంత_గైడ్ | గురువారం, సాయంత్రం 5.30

అమ్మా ఓరుగల్లు_వార్డు, పోస్టు మాట అలా నడవనివ్వండి, మీ సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) మాత్రం ఆపకండి. నాలుగు విషయాలు ముందే చూసుకోండి.

పురుగుమందు కేసులన్నీ మెడికో లీగల్ కేసులు (పోలీసులకు తెలియజేయాల్సినవి). కేసు షీటు చూడటానికి సూపరింటెండెంట్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, మాట మీద వెళ్లకండి. రెండోది సమ్మతి. అట్రోపిన్ మీద కలవరిస్తున్న మనిషి సంతకం చెల్లదు. దగ్గరి బంధువు దగ్గర తీసుకుని, తేరుకున్నాక పేషెంట్‌ను మళ్లీ అడగాలి. వద్దంటే ఆ డేటా తీసేయాలి. ఎథిక్స్ కమిటీ మొదట అడిగేది ఇదే. సమ్మతి పత్రం తెలుగులో, చదవడం రానివాళ్లకు చదివి వినిపించేలా ఉండాలి. మూడోది, వీళ్లలో చాలామంది ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్లు. మీ ప్రశ్న మెడ గురించే అయినా మీరు కూర్చునేది ఆ మనిషి పక్కన. సైకియాట్రీకి పంపే ఏర్పాటు, ఇంటికెళ్లాక ఫోన్ చేసే ఏర్పాటు అధ్యయనంలోనే రాసుకోండి. చివరిది, లెక్కల మాస్టారు చెప్పినట్టు మొదటి రెండు ప్రశ్నల దగ్గరే ఆగండి.

ఓరుగల్లు_వార్డు | గురువారం, రాత్రి 11.15

సార్, రాసుకున్నాను. పేరు ఇలా మార్చాను: "ఆర్గానోఫాస్ఫేట్ విషప్రభావ రోగుల్లో నర్సులు చేసే మెడ ఎత్తు పరీక్ష: ఇద్దరు పరిశీలకుల మధ్య ఏకాభిప్రాయం, శ్వాస వైఫల్యాన్ని ముందుగా గుర్తించే సామర్థ్యం." మూడో ప్రశ్న తీసేశాను. సైకియాట్రీ వాళ్లతో శనివారం మాట్లాడతాను. వినతిపత్రం ముసాయిదా ఆదివారం రాత్రికి ఇదే చర్చలో పెడతాను, మంత్రసాని అక్క అడిగిన వాక్యంతో సహా. ఏటూరునాగారం సిస్టర్, మీ సికిల్ సెల్ ప్రశ్నలు మూడూ విడిగా ఒక చర్చగా పెట్టండి. మా జూనియర్ ఒకమ్మాయి కమ్యూనిటీ హెల్త్‌లో ఎమ్మెస్సీ చేస్తోంది, టాపిక్ కోసం వెతుకుతోంది. మీరు ఒప్పుకుంటే మీ పీహెచ్‌సీకి ఫారాలు లేకుండా, ముందు వినడానికి మాత్రమే వస్తుంది.

ఏటూరునాగారం_సిస్టర్ | శుక్రవారం, ఉదయం 6.05

రమ్మనండి. బుధవారం టీకాల రోజు, ఆ రోజు కాకుండా. ఉండటానికి క్వార్టర్లో చోటుంది, రెండు రోజులు ఉండేలా రావాలి.